మ్యూరల్ మూలన ఉన్న సంతకం మీ ఫోటోలో కనిపిస్తోందా?

ఏ ఫోన్ కెమెరా రివ్యూ తెరిచినా శాంపిల్ ఫోటోల్లో మూడు మాత్రం గ్యారంటీ: ఓ పువ్వు, ఓ బిర్యానీ ప్లేటు, రంగులు నిండిన ఓ గోడ. పువ్వుతో క్లోజప్ చూస్తారు, బిర్యానీతో ఇండోర్ లైటింగ్ చూస్తారు. మరి గోడతో? "కలర్స్ పంచీగా ఉన్నాయి, డిటైల్స్ బాగున్నాయి, అంచుల్లో కాస్త సాఫ్ట్‌గా ఉంది" అని మూడు ముక్కల్లో తేల్చేసి తర్వాతి ఫోటోకి వెళ్లిపోతారు. ఆ గోడ ఏ వీధిలోది, బొమ్మ ఎవరు వేశారు అన్న సంగతి ఒక్క లైను కూడా ఉండదు.

రివ్యూలో లేకపోతే పోనీ అనుకుందాం. కానీ మనం కూడా అలాగే తీయడం నేర్చుకున్నాం. గోడ కనిపించగానే ఫోన్ తీస్తాం, అల్ట్రావైడ్‌కి మారుస్తాం, అడ్డొచ్చిన కరెంటు వైర్లని ఏఐతో చెరిపేస్తాం, శాచురేషన్ పెంచి స్టోరీలో పెట్టేస్తాం. బొమ్మ అదిరిపోతుంది. కానీ ఆ ఫోటోలో వీధి ఉండదు, వేసినవాళ్ల పేరు ఉండదు, ఏ ఏడాదిలో తీశామో కూడా తెలియదు.

నేను చెప్పదలుచుకున్నది సింపుల్‌గా ఇదీ: వీధి గోడ మీది బొమ్మకి ఫోన్ ఫోటోనే చాలాసార్లు మిగిలే ఏకైక రికార్డు. మన ఫోన్లలో డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండే ఫీచర్లు మాత్రం ఆ రికార్డుని పాడుచేసే దిశగానే తయారవుతున్నాయి. కాబట్టి గోడ ముందు నిలబడినప్పుడు కొన్ని ఆఫ్ చేయాలి, కొన్ని అలవాట్లు మార్చుకోవాలి. రివ్యూ రాసేవాళ్లం మేం కూడా మారాలి. ఎందుకో, ఎలాగో చూద్దాం.

రైళ్లు పోయాయి, ఫోటోలు మిగిలాయి

గ్రాఫిటీ ఫోటోగ్రఫీ గురించి మాట్లాడుతూ న్యూయార్క్ సబ్‌వేని దాటేయడం కుదరదు. 1970లలో, 80ల మొదట్లో అక్కడి కుర్రాళ్లు రాత్రిపూట రైల్వే యార్డుల్లోకి దూరి, స్ప్రే క్యాన్లతో బోగీల మీద తమ పేర్లు రాసేవాళ్లు. తెల్లారేసరికి ఆ బోగీలు ఊరంతా తిరిగేవి. అధికారులు వాటిని కడిగేసేవాళ్లు, కుర్రాళ్లు మళ్లీ రాసేవాళ్లు. ఈ పోటీ ఏళ్ల తరబడి సాగింది. చివరికి 1989 మే నెలలో ఆఖరి గ్రాఫిటీ రైలుని కూడా సర్వీసు నుంచి తీసేశామని సబ్‌వే యాజమాన్యం ప్రకటించింది.

ఈరోజు ఆ రైళ్ల మీద ఏముండేదో మనకి తెలుస్తోందంటే ప్రధాన కారణం ఇద్దరు: మార్తా కూపర్, హెన్రీ చాల్ఫంట్. ఇద్దరూ కలిసి 1984లో 'సబ్‌వే ఆర్ట్' అనే పుస్తకం తెచ్చారు. దేశదేశాల్లో గ్రాఫిటీ నేర్చుకున్న ఒక తరానికి అదే పాఠ్యపుస్తకం అయింది.

టెక్ ఇష్టపడేవాళ్లకి ఇక్కడ అసలు ఇంట్రెస్టింగ్ పాయింట్ వాళ్లిద్దరి పద్ధతుల్లో తేడా. చాల్ఫంట్ స్వతహాగా శిల్పి. రైలు ఆగగానే ఎదురు ప్లాట్‌ఫాం మీద నిలబడి, ఒక చివర నుంచి ఇంకో చివరకి నడుస్తూ వరసగా ఫ్రేములు తీసేవాడు. రైలు ఆగేది కొన్ని సెకన్లే కాబట్టి కెమెరాకి మోటార్ డ్రైవ్ తగిలించుకున్నాడు. తర్వాత ఆ ప్రింట్లని పక్కపక్కన అతికించి మొత్తం బోగీని ఒకే ఫోటోగా చూపించేవాడు. అంటే మన ఫోన్లలోని పనోరమా మోడ్‌ని చేత్తో చేశాడన్నమాట. ఆ ఫోటోల్లో బోగీ తప్ప ఇంకేమీ ఉండదు. ప్రతి అక్షరం వంకర లేకుండా కనిపిస్తుంది.

మార్తా కూపర్ దారి వేరు. ఆమె న్యూయార్క్ పోస్ట్‌లో న్యూస్ ఫోటోగ్రాఫర్‌గా చేసింది. బ్రాంక్స్‌లో ఖాళీ స్థలాల్లో గంటల తరబడి నిలబడి, రంగుల రైలు పాత అపార్ట్‌మెంట్ల మధ్య నుంచి పైవంతెన మీద వెళ్లే క్షణం కోసం ఎదురుచూసేది. ఆమె ఫోటోలో రైలు ఎంత ఉంటుందో ఊరూ అంతే ఉంటుంది. ఆ కుర్రాళ్లు ఎలాంటి చోట పెరిగారో, ఆ రంగు అక్కడ ఎందుకంత గట్టిగా అరిచినట్టు ఉందో అర్థమయ్యేది ఆమె ఫోటోలతోనే.

బొమ్మ స్పష్టంగా తెలియాలంటే చాల్ఫంట్ లాంటి ఫోటో కావాలి. ఆ బొమ్మ అక్కడ ఏం చేస్తోందో తెలియాలంటే కూపర్ లాంటి ఫోటో కావాలి. రోల్‌కి 36 ఫ్రేములు ఉన్న రోజుల్లో వాళ్లు అది సాధించారు. మన చేతిలో వందల జీబీల స్టోరేజ్ ఉంది. అయినా మన గ్యాలరీల్లో ఎక్కువగా ఉండేది ఈ రెండూ కాని మూడో రకం: వంకర పోయిన బొమ్మ, దాని ముందు మన సెల్ఫీ.

ఫోన్ గోడని ఎలా పాడుచేస్తుంది

మొదటిది అల్ట్రావైడ్. సందు ఇరుగ్గా ఉంటుంది, వెనక్కి జరగడానికి చోటుండదు, వెంటనే 0.5ఎక్స్ నొక్కేస్తాం. అల్ట్రావైడ్‌లో అంచులు సాగిపోతాయి. గోడకి ఎడమ చివర ఉన్న ముఖం గుమ్మడికాయలా తయారవుతుంది. పైగా ఎత్తు గోడ కదా అని ఫోన్‌ని పైకి వంచితే నిలువు గీతలన్నీ పైన కలిసిపోతున్నట్టు వాలిపోతాయి. చాలా ఫోన్లలో అల్ట్రావైడ్ సెన్సర్ మెయిన్ కెమెరా కంటే చిన్నది కాబట్టి డిటైల్ కూడా తగ్గుతుంది. చోటుంటే వెనక్కి నడిచి మెయిన్ కెమెరా గానీ 2ఎక్స్ గానీ వాడటం ఎప్పుడూ మేలు. చోటు లేకపోతే చాల్ఫంట్ పద్ధతే దిక్కు: గోడకి సమాంతరంగా నడుస్తూ, ఒక్కో ఫ్రేములో మూడో వంతు పక్క ఫ్రేముతో కలిసేలా నాలుగైదు తీయండి. ఒకేచోట నిలబడి ఫోన్ తిప్పుతూ తీసే పనోరమాలో తిన్నటి గోడ విల్లులా వంగుతుంది, అది వద్దు.

రెండోది హెచ్‌డీఆర్, సీన్ ఆప్టిమైజర్ల జంట. ఇవి నీడల్ని పైకి లేపుతాయి, ఆకాశాన్ని నీలం చేస్తాయి, రంగు కనిపిస్తే ఇంకాస్త పూస్తాయి. పూర్తిగా ఎండకి వెలిసిపోయిన ఎరుపు కూడా నిన్ననే వేసినట్టు మెరుస్తుంది. మామూలు ఫోటోకి ఇది ఓకే. కానీ గోడ బొమ్మ విషయంలో వెలిసిపోవడం కూడా సమాచారమే కదా! వేసి ఎన్నేళ్లయిందో, ఏ పెయింట్ నిలబడిందో, ఏది పోయిందో ఆ వెలిసిన రంగే చెబుతుంది.

దీనికి ఢిల్లీలో ఒక అద్భుతమైన ఉదాహరణ ఉంది. 1940లలో ప్రభుత్వ ఉద్యోగుల కోసం కట్టిన లోధీ కాలనీ క్వార్టర్ల గోడలు ఇప్పుడు దేశంలోకెల్లా పేరున్న స్ట్రీట్ ఆర్ట్ ప్రాంతం. స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ చొరవతో అక్కడ 50కి పైగా మ్యూరల్స్ వచ్చాయి. వాటిలో 'దాకూ' అనే మారుపేరుతో పనిచేసే ఆర్టిస్టు 2016లో చేసిన గోడ మీద అసలు పెయింటింగే లేదు. గోడలోంచి ముందుకి పొడుచుకొచ్చిన అక్షరాలు ఉంటాయి. ఎండ పడితే వాటి నీడ గోడ మీద పదాలుగా ఏర్పడుతుంది. సూర్యుడు కదులుతుంటే నీడ సాగుతుంది, వాలుతుంది, ఎండ తప్పుకోగానే పదాలు మాయమవుతాయి. కాలం అన్నిటినీ మారుస్తుందన్నది దాని థీమ్. అంటే అక్కడ నీడే బొమ్మ! ఆ గోడని హెచ్‌డీఆర్ గట్టిగా పనిచేసే ఫోన్‌తో తీస్తే ఏమవుతుందో ఊహించండి. సాఫ్ట్‌వేర్ ఆ నీడని 'లోపం' అనుకుని తేలిక చేసే ప్రయత్నం చేస్తుంది. ఆర్టిస్టు చేసిన పనిని ఫోన్ కరెక్ట్ చేస్తుందన్నమాట. అక్కడ హెచ్‌డీఆర్ ఆపి, ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి, గంటకో ఫోటో తీస్తేనే న్యాయం. ట్రైపాడ్ ఉంటే టైమ్‌ల్యాప్స్ ఇంకా మంచిది.

మూడోది షార్ప్‌నింగ్, ఏఐ జూమ్. బ్రష్ గీతలు, రోలర్ గుర్తులు, స్ప్రే అంచున మంచులా చల్లినట్టుండే చుక్కలు, వీటిని సాఫ్ట్‌వేర్ చాలాసార్లు నాయిస్ అనుకుని నున్నగా రుద్దేస్తుంది. ఆ తర్వాత అంచులకి గీత గీసినట్టు షార్ప్ చేస్తుంది. గోడ కాస్తా ప్లాస్టిక్ షీట్ మీద ప్రింట్ తీసినట్టు కనిపిస్తుంది. ఇక పెద్ద జూముల్లో అయితే కొన్ని ఫోన్లు లేని డిటైల్‌ని జనరేటివ్ ఏఐతో ఊహించి నింపుతున్నాయి. 2025లో వచ్చిన పిక్సెల్ 10 ప్రో జూమ్ అలాంటిదే. ఇటుకలకీ ఆకులకీ ఈ ఊహ సరిపోవచ్చు. అక్షరాల దగ్గరికొచ్చేసరికి ఊహించడం అంటే తప్పు రాయడమే. అందులోనూ మన తెలుగు అక్షరాలకి వత్తులు, గుడులు, దీర్ఘాలు ఉన్నాయి. ఒక వత్తు చెరిగితే పేరే మారిపోతుంది.

నాలుగోది, నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఎరేజర్. 2021లో పిక్సెల్ 6తో మ్యాజిక్ ఎరేజర్ వచ్చింది, 2024లో ఐఫోన్‌కి క్లీన్ అప్ వచ్చింది, ఇప్పుడు మధ్యరకం ధర ఫోన్లలోనూ ఇలాంటిది ఏదో ఒకటి ఉంటోంది. గోడ ముందున్న ఆటో, కరెంటు మీటరు బాక్సు, తాడు మీద ఆరేసిన బట్టలు, అరుగు మీద కూర్చున్న పెద్దాయన, ఒక్క టచ్‌తో అన్నీ మాయం. 'క్లీన్' అయిపోతుంది. వీధి కళలోంచి వీధిని తీసేస్తే ఇక మిగిలేది వాల్‌పేపర్. దాని కోసం ఎండలో తిరగడం ఎందుకు, పింటరెస్ట్‌లో బోలెడు దొరుకుతాయి.

ఒక చిన్న లెక్క

సంతకం సంగతికొద్దాం. మ్యూరల్‌కి కింద మూలన ఆర్టిస్టు పేరు, ఒక్కోసారి ఏడాది, ఇన్‌స్టా హ్యాండిల్ ఉంటాయి. అది మీ ఫోటోలో చదవడానికి వస్తుందా?

24 ఎంఎం సమానమైన మెయిన్ కెమెరాతో 10 మీటర్ల దూరం నుంచి తీస్తే దాదాపు 14 మీటర్ల వెడల్పు గోడ ఫ్రేములో పడుతుంది. 50 మెగాపిక్సెల్ అని బాక్సు మీద రాసున్నా ఫోన్ నాలుగు పిక్సెళ్లని కలిపి 12.5 మెగాపిక్సెల్ ఫోటోనే ఇస్తుంది. అంటే వెడల్పులో సుమారు 4,000 పిక్సెళ్లు. 14 మీటర్లని 4,000తో భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కి 3.5 మిల్లీమీటర్ల గోడ. సంతకంలో అక్షరం 5 సెంటీమీటర్ల ఎత్తు ఉందనుకుంటే ఫోటోలో దాని ఎత్తు 14 పిక్సెళ్లు. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలైతే ఎలాగో గుర్తుపట్టొచ్చు. తెలుగు అక్షరం కింద వత్తుకి దక్కేది నాలుగైదు పిక్సెళ్లే. దాని మీద నాయిస్ రిడక్షన్, ఆపైన వాట్సాప్ కంప్రెషన్. ఇంకేం మిగుల్తుంది?

అదే 50 మెగాపిక్సెల్ మోడ్ ఆన్ చేస్తే అక్షరం ఎత్తు 28 పిక్సెళ్లవుతుంది. "ఫుల్ రిజల్యూషన్ మోడ్ ఎవరికి ఉపయోగం?" అని అడిగేవాళ్లకి జవాబు ఇదే. గోడ కదలదు, పగటి వెలుగు బోలెడంత ఉంటుంది, తొందర లేదు. ఆ మోడ్‌కి ఇంతకంటే మంచి సబ్జెక్ట్ దొరకదు. ఇంకా తేలిక దారి కూడా ఉంది: నాలుగడుగులు ముందుకేసి సంతకాన్ని విడిగా ఓ ఫోటో తీసుకోండి. దీనికి ఫ్లాగ్‌షిప్ అక్కర్లేదు, పదివేల ఫోన్ చాలు.

మన గోడల సంగతి

"ఇవన్నీ ఢిల్లీకీ న్యూయార్క్‌కీ గానీ మనకేముంది?" అంటారా? హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్ ఎంఎంటీఎస్ స్టేషన్ దగ్గర ఎంఎస్ మక్తా ఉంది. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అక్కడి ఇళ్ల గోడల మీద బొమ్మలు వేయించింది. అప్పటినుంచి కెమెరాలు పట్టుకుని జనం వెళ్తూనే ఉన్నారు. కానీ అది ఎగ్జిబిషన్ హాల్ కాదు, జనం కాపురముండే బస్తీ. ఇంటివాళ్లు పై అంతస్తు వేసుకుంటారు, కిటికీ కొడతారు, పైపు దింపుతారు, సున్నం వేసుకుంటారు. అది వాళ్ల హక్కు. అందుకే అలాంటి చోట ఏ గోడ ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పలేరు. ఒకే గోడని రెండేళ్లకోసారి ఒకే చోట నిలబడి తీసిన ఫోటోల వరస ఎవరి దగ్గరైనా ఉంటే, నా లెక్కలో అది ఏ అవార్డు ఫోటో కంటే తక్కువ కాదు.

అక్కడికి వెళ్తే ఇంకో మాట. గోడ బయటిదే అయినా గుమ్మం వాళ్లది. "అక్కా, ఈ గోడ ఫోటో తీసుకోవచ్చా?" అని అడిగితే పోయేదేం లేదు. చాలాసార్లు బొమ్మ వెనక కథ వాళ్లే చెబుతారు. ఎవరు వేశారు, ఎన్ని రోజులు పట్టింది, ముందు ఆ గోడ ఎలా ఉండేది. ఏ లెన్సుతోనూ అది దొరకదు.

మ్యూరల్స్ కంటే ముందునుంచీ మనకి మన గోడ కళ ఉంది, దాన్నే మనం అస్సలు పట్టించుకోవడం లేదు. గోడ రాతలు. ఎర్ర రంగుతో వామపక్షాల నినాదాలు, తెలంగాణ ఉద్యమకాలంలో ఊరూరా కనిపించిన 'జై తెలంగాణ', ఎన్నికలప్పుడు పార్టీ గుర్తులు, హైవే పక్క ఇళ్ల మీద సిమెంటు, ఎరువులు, సబ్బుల ప్రకటనలు. వీటిలో నినాదాలు గ్రాఫిటీకి దగ్గర, ప్రకటనలు మ్యూరల్‌కి దగ్గర. అక్షరాలకి నీడ వేయడం, 'శ్రీ' గుడి దీర్ఘాన్ని నెమలి మెడలా తిప్పడం, దారం కొట్టి గీత తీసి దాని మీద అక్షరాలు కూర్చడం, ఇదంతా చేతి పనే. కింద మూలన 'ఫలానా ఆర్ట్స్' అని పేరు, పక్కన ఫోన్ నంబరు. మన ఆర్టిస్టులు సంతకం పెట్టడం కొత్తగా నేర్చుకున్నదేం కాదు.

ఫ్లెక్సీ ప్రింటింగ్ వచ్చాక ఈ చేతిరాత చాలావరకు తెరమరుగైంది. అనుమతి లేకుండా గోడలు పాడుచేయడాన్ని అడ్డుకోవడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది. ఇంకొకరి ఇంటి గోడ మీద ఇష్టమొచ్చినట్టు రాయడాన్ని నేనూ సమర్థించను. కానీ రాసిందాన్ని ఫోటో తీయడానికి ఏ అడ్డంకీ లేదుగా! మీ ఊళ్లో పాత సినిమా హాల్ పక్క గోడ మీద, ఎరువుల కొట్టు షట్టర్ మీద, ఆర్టీసీ బస్టాండ్ ప్రహరీ మీద ఇంకా చేత్తో రాసిన అక్షరాలు ఉండే ఉంటాయి. ఇన్‌స్టాలో ఎవరూ వాటిని ట్రెండింగ్ చేయరు. అందుకే ముందు అవి తీయండి అంటున్నా. రేపు తెలుగు ఫాంట్లు చేసే కుర్రాడికి ఆ ఫోటో పనికొస్తుంది.

తీసుకోవచ్చు సరే, అమ్ముకోవచ్చా?

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వీధిలో ఉన్నది కాబట్టి ఏమైనా చేసుకోవచ్చు అనుకుంటాం. మన కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 52 కొన్ని మినహాయింపులు ఇస్తుంది. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని, కళాత్మక హస్తకళా వస్తువుని ఫోటో తీసి ప్రచురించుకోవచ్చు. భవనాన్ని కూడా. కానీ ఆ జాబితాలో పెయింటింగ్ పేరు లేదు. మ్యూరల్ అంటే పెయింటింగే కదా! విచిత్రం ఏంటంటే, సినిమా విషయంలో మాత్రం బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న ఏ కళాకృతినైనా చూపించుకోవచ్చని అదే సెక్షన్‌లో ఉంది. అంటే అదే గోడకి సినిమాలో ఉన్న వెసులుబాటు స్టిల్ ఫోటోకి అంత స్పష్టంగా లేదు.

మీ ఆనందం కోసం తీసుకుని గ్యాలరీలో దాచుకుంటే ఎవరూ అడగరు. వ్యాపారానికి వాడితే కథ వేరు. ముంబైలోని 'హ్యుమానిటీ' అనే మ్యూరల్ ఒక బీమా కంపెనీ ప్రకటనలో కనిపించిందని 2023లో ఢిల్లీ హైకోర్టులో కేసు పడింది. ఆన్‌లైన్‌లో ఉన్న ఆ ప్రకటన పోస్టుల్ని తీసేయమని కోర్టు చెప్పింది. కాబట్టి మీ ఫోటోని స్టాక్ సైట్‌లో అమ్మాలన్నా, ఫోన్ కవర్ మీద ప్రింట్ చేయాలన్నా, బ్రాండ్ ప్రమోషన్‌కి ఇవ్వాలన్నా ముందు ఆర్టిస్టుని అడగండి. అడగాలంటే పేరు తెలియాలి. మళ్లీ అదే మూలకి వచ్చాం చూశారా? ఇది నా పనే అని చెప్పుకునే హక్కుని కూడా సెక్షన్ 57 ఆర్టిస్టుకి ఇచ్చింది. క్రాప్‌లో పేరు ఎగిరిపోయిన ఫోటో వెయ్యిసార్లు ఫార్వర్డ్ అయితే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది.

గోడ ముందు ఐదు నిమిషాలు

ఇప్పుడు ప్రాక్టికల్‌గా. ఒక గోడకి ఐదు ఫోటోలు, ఐదు నిమిషాలు. అంతకంటే అడగను.

1. వీధి: రోడ్డు అవతల నుంచి, వైర్లు, ఆటోలు, షాపులు, మనుషులతో సహా. దగ్గర్లో వీధి పేరు బోర్డు ఉంటే ఇంకా మంచిది. ఇది కూపర్ ఫోటో.

2. గోడ మొత్తం: ఎదురుగా, ఫోన్ వంచకుండా, గ్రిడ్ లైన్లు, లెవెల్ ఆన్ చేసి, మెయిన్ కెమెరా లేదా 2ఎక్స్‌తో, వీలైతే ఫుల్ రిజల్యూషన్‌లో. ఇది చాల్ఫంట్ ఫోటో. బొమ్మ అంచున కాస్త ఉత్త సిమెంటు గోడ కూడా రానివ్వండి. ఫోన్ రంగు ఎంత మార్చిందో తర్వాత ఆ బూడిద రంగుని చూసి పోల్చుకోవచ్చు. కాస్త వాలిపోతే స్నాప్‌సీడ్‌లో పెర్‌స్పెక్టివ్ టూల్‌తో సరిచేసుకోవచ్చు, అది ఫ్రీయే.

3. దగ్గర నుంచి టెక్స్చర్: బ్రష్ గీత, పెచ్చులూడిన చోటు, కింద నుంచి తొంగిచూస్తున్న పాత పోస్టర్. పొద్దున గానీ సాయంత్రం గానీ పక్క నుంచి ఎండ పడినప్పుడు ఇది బాగా వస్తుంది. గోడ మొత్తం ఫోటోకి మాత్రం మబ్బు పట్టిన రోజో, గోడ పూర్తిగా నీడలో ఉన్న సమయమో మేలు. చెట్టు నీడ మచ్చలు పడితే బొమ్మ ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

4. సంతకం: అది కనిపించకపోతే పక్కింటివాళ్లని అడిగి నోట్స్‌లో రాసుకోండి.

5. మనిషి: గోడ ముందు టీ తాగుతున్నవాళ్లో, బండి ఆపుకున్నవాళ్లో, వాళ్లని అడిగి. బొమ్మ ఎంత పెద్దదో మనిషి పక్కనుంటేనే తెలుస్తుంది. ఢిల్లీలో పాత పోలీస్ హెడ్‌క్వార్టర్స్ మీద 2014లో హెండ్రిక్ బైకిర్ష్, అన్పు వర్కీ కలిసి వేసిన గాంధీ బొమ్మ ఎత్తు 150 అడుగుల పైమాటే. ఒక్క మనిషి గానీ, బస్సు గానీ లేకుండా దాన్ని తీస్తే స్కెచ్‌బుక్‌లో బొమ్మకీ దానికీ తేడా తెలీదు.

సెట్టింగ్స్‌లో సీన్ ఆప్టిమైజర్ లాంటివి ఆఫ్ చేయండి. ప్రో మోడ్‌లో రా ఫార్మాట్ ఉంటే గోడ మొత్తం ఫోటోకి వాడండి. తీసిన ఒరిజినల్ ఫైల్‌ని అలాగే ఉంచి, ఎడిట్లన్నీ కాపీ మీద చేసుకోండి. తేదీ, లొకేషన్ ఫైల్‌లోనే దాక్కుని ఉంటాయి. కానీ వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అవి పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. ఫ్రెండ్స్‌తో కలిసి ఊరి గోడల ఆల్బమ్ చేస్తుంటే ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి. ఒక జాగ్రత్త కూడా: జనం ఉండే ఇల్లయితే పబ్లిక్ పోస్టులో ఖచ్చితమైన లొకేషన్ పిన్ పెట్టేముందు ఆ ఇంటివాళ్ల వైపు నుంచి ఒకసారి ఆలోచించండి.

"ఇంత సీన్ అవసరమా బ్రో?"

అవసరమా అంటే, రోజూ కాదు. రెక్కలు వేసిన గోడ ముందు నిలబడి ఫోటో దిగడానికి ఈ తతంగమంతా అక్కర్లేదు. ఆ గోడలు సెల్ఫీల కోసమే వేస్తారు, హాయిగా దిగండి. వైర్లు చెరిపి అందంగా ఎడిట్ చేసుకోవడం కూడా నేరమేం కాదు, అదీ ఒక క్రియేటివిటీయే. నా గోలంతా ఎడిట్ చేసిన కాపీ ఒక్కటే మిగిలి, అసలు ఫోటో డిలీట్ అయిపోవడం గురించి. గోడ ఎలాగూ పోతుంది. దాని ఫోటో కూడా అబద్ధమైతే ఇక చూపించడానికి ఏమీ ఉండదు.

"ఆర్కైవ్ చేయడం ప్రభుత్వం పని, మ్యూజియంల పని" అని ఇంకో వాదన. నిజమే, చేస్తే బాగుంటుంది. న్యూయార్క్ రైళ్లని కాపాడింది మాత్రం మ్యూజియం కాదు, కెమెరా ఉన్న ఇద్దరు మనుషులు. ఇప్పుడు కెమెరా లేనివాళ్లు ఎవరు?

చివరిగా మా రివ్యూవర్లకీ, ఫోన్ కంపెనీలకీ ఒక ప్రపోజల్. పంచీ కలర్స్ చూపించడానికి గోడ ఫోటో పెట్టడం మానేద్దాం. ఏ ఫోనైనా రంగు పూయగలదు. 10 మీటర్ల నుంచి గోడ మొత్తం తీసి, కింద మూలన తెలుగులో రాసిన పేరు క్రాప్ చేసి పెడదాం. వత్తుతో సహా చదవగలిగితే ఆ కెమెరా పాస్. నున్నగా రుద్దేసి లేని అక్షరం పుట్టిస్తే, 200 మెగాపిక్సెల్ అయినా ఫెయిల్. ఫోటో కింద క్యాప్షన్‌లో ఆర్టిస్టు పేరు, ఊరు, తేదీ రాద్దాం. ఎవరో తెలియకపోతే "ఎవరికైనా తెలిస్తే చెప్పండి" అని రాద్దాం. చదివేవాళ్లలో ఆ వీధివాళ్లు ఒక్కరైనా ఉంటారు.

మీ గ్యాలరీలో ఇప్పటికే ఉన్న గోడ ఫోటో ఒకటి తెరిచి, మూలకి జూమ్ చేసి చూడండి. పేరు చదవడానికి వస్తే అది ఎవరిదో వెతికి, ఈసారి పోస్ట్ చేసేటప్పుడు ట్యాగ్ చేయండి. రాకపోతే ఈ ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే, మళ్లీ ఓసారి ఆ వీధికి వెళ్లి రండి.